పెదనాన్న ప్లేట్లు: ఎంత అరిగితే అంత హిట్టు

నా దగ్గర 84 రికార్డులున్నాయి. 23 నేను కొన్నవి, మిగిలిన 61 మా పెదనాన్నవి. నేను కొన్నవి అద్దాల్లా మెరుస్తుంటాయి. పెదనాన్నవి చూస్తే అట్లపెనం గుర్తొస్తుంది, అన్ని గీతలు. అయినా ఇంటికొచ్చిన ఫ్రెండ్స్ ‘నీ ఫేవరెట్ ఆల్బమ్స్ ఏవో పెట్టు’ అంటే నా చెయ్యి వెళ్లేది ఆ గీతల వాటి మీదికే.

పెదనాన్నకి తణుకు దగ్గర పల్లెలో మైకుసెట్టు ఉండేది. డెబ్భైల చివర్నుంచి తొంభైల మొదటిదాకా నడిపాడు. ఒక ఆంప్లిఫయరు, ఒక ప్లేయరు, రెండు గొట్టాలు, రేకు పెట్టె నిండా రికార్డులు. ఆయన నోట రికార్డు అనే మాట రాదు, ‘ప్లేటు’ అనే అంటాడు. పెళ్లయినా, సమర్తయినా, చవితి పందిరయినా కొబ్బరిచెట్టుకి గొట్టం కట్టి ప్లేటు పెడితే పక్క ఊరిదాకా వినపడాల్సిందే. క్యాసెట్లొచ్చాక ప్లేట్లు అటకెక్కాయి. రెండేళ్ల కిందట పాత ఇల్లు పడగొట్టేటప్పుడు వాటిని పాత సామాన్లవాడి బండికి వేసేద్దామన్నారు ఇంట్లో. నేను శని, ఆదివారాలు చూసుకుని బస్సెక్కి వెళ్లేసరికి కొన్నిటి అట్టలు చెదలు తినేశాయి, కొన్ని రేకుల వేడికి అప్పడాల్లా వంకర తిరిగాయి. బాగున్నవి ఏరితే 61 తేలాయి.

రికార్డు గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 12 అంగుళాల ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక వైపు మొత్తానికి ఉండేది ఒకటే గాడి. బయటి అంచు దగ్గర మొదలై లోపలికి చుట్టుకుంటూ పోతుంది. సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు. ఆ గాడి గోడల మీది ఎత్తుపల్లాలే పాట. వజ్రపు మొన ఉన్న ముల్లు వాటిమీద ఊగుతూ వెళుతుంది. ముల్లు పాతదైనా, బరువు ఎక్కువైనా వెళ్లిన ప్రతిసారీ ఆ గోడల్ని కాస్త కాస్త గీకేస్తుంది. ముందు పోయేవి సన్నటి శబ్దాలు. ‘స’, ‘శ’, ‘చ’ అక్షరాలు ఉమ్మినట్టు వినపడటం మొదలవుతుంది.

అంటే ఏ పాట ఎక్కువసార్లు వేశారో ఆ పాటే ఎక్కువ పాడైపోతుంది. యాప్‌లో ప్లే కౌంట్ ఒక అంకె. ఇక్కడ అది ప్లాస్టిక్ మీద పడిన దెబ్బ. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే కంటికే తెలిసిపోతుంది. నల్లగా నిగనిగలాడే చోట ఎవరూ వినని పాట, బూడిద రంగు పట్టిన చోట ఊరంతా అడిగి అడిగి వేయించుకున్న పాట. ఒక ఊరు ఏం విన్నదో ఇంతకన్నా నమ్మకంగా చెప్పే లాగ్ ఫైల్ నేను చూడలేదు. దీన్నెవరూ ఎడిట్ చేయలేరు కదా!

పైగా అట్టల మీద పెదనాన్న బాల్‌పెన్ను రాతలు. ‘భోజనాలు’, ‘అప్పగింతలు - 2వ వైపు చివరిది’, ‘కుర్రాళ్లు అడిగితేనే’, ‘3వ పాట గెంతుతుంది’. మనం ప్లేలిస్టుకి ‘సండే చిల్’ అని పేరు పెట్టుకోవడం కొత్తేం కాదన్నమాట.

ఆ లెక్కన మొదటి స్థానం ‘మరో చరిత్ర’ది. 1978, బాలచందర్ సినిమా, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం, ఆత్రేయ పాటలు. తెలుగు సినిమా అయివుండి మద్రాసులో డబ్బింగ్ కూడా లేకుండా ఏడాదికి పైగా ఆడింది. సుశీల, జానకి, వాణీ జయరామ్, బాలు అందరూ ఒకే ఆల్బమ్‌లో ఉన్నారు. అయితే మా ఊరి ప్లేటులో పూర్తిగా బూడిదైపోయింది మాత్రం సినిమా పేర్లన్నీ గుచ్చి కట్టిన ఆ అల్లరి పాట. లిఫ్టులో తీసింది, మీరూ చూసే ఉంటారు. ఏడిపించే పాటలున్న చోట కాస్త మెరుపు మిగిలే ఉంది. పెళ్లిలో ఎవరు వేయిస్తారు విషాదం! అట్ట మీద ‘కుర్రాళ్లు అడిగితేనే’ అని రాసింది కూడా దీనిమీదే. కుర్రాళ్లు బాగానే అడిగినట్టున్నారు.

దీనికి శుభ్రమైన కాపీ ఒకటి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో దొరికితే 400 ఇచ్చి కొన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. కొత్తదాంట్లో గిటారు తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తుంది. పెదనాన్న ప్లేటులో వర్షం పడుతుంటే పక్కింట్లో పాట వస్తున్నట్టుంటుంది. ఏది బాగుందని అడిగితే ఇంజినీరుగా కొత్తదే అంటాను. కానీ తరచూ వేసేది పాతదే.

పోయిన వేసవిలో పెదనాన్న చెవి పరీక్షకి హైదరాబాద్ వచ్చాడు. ఆయనకిప్పుడు 74. ఏళ్ల తరబడి గొట్టాల పక్కన కూర్చున్న చెవులు. ఆడియోగ్రామ్ చూశాం, సన్నటి శబ్దాల వైపు గీత జారుడుబండలా కిందికి పోయింది. ఆ సాయంత్రం ‘మరో చరిత్ర’ పాతది పెట్టి, గీతలు బాగా పడ్డాయి పెదనాన్నా అన్నాను. ఆయన రెండు నిమిషాలు విని, ‘‘గీతలేంట్రా, శుభ్రంగా ఉంది కదా’’ అన్నాడు.

తమాషాకి అనలేదు. ఆ చిటపటలు ఉండే పౌనఃపున్యాలు ఆయన చెవుల్లో ఇప్పుడు లేవు. ప్లేటులో ఏ శబ్దాలు అరిగిపోయాయో ఆయన చెవుల్లోనూ దాదాపు అవే అరిగిపోయాయి. ఆయన దగ్గర ఆ రికార్డు ఇంకా కొత్తదే. మర్నాడు మిషన్ పెట్టించుకొచ్చాక మళ్లీ వేస్తే ఉలిక్కిపడి, ‘‘ఎవరన్నా పకోడీలు వేయిస్తున్నారా?’’ అని వంటింటి వైపు చూశాడు. తర్వాత మిషన్ తీసి జేబులో పెట్టుకుని మిగతా పాటలు విన్నాడు.

రెండోది ‘శంకరాభరణం’. 1980లో వచ్చిన సినిమా. కె.వి. మహదేవన్, బాలు, వాణీ జయరామ్ ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. వేటూరి రాస్తే మహదేవన్ బాణీ కట్టారు. ముందు మాట, తర్వాత ట్యూను, అదీ ఆయన పద్ధతి. ఈ పాటలు నేను పాడగలనా అని బాలు వెనకాడారనీ, మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని సాధన చేశారనీ ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలిశాక విన్నారనుకోండి, పెద్ద పెద్ద గమకాల ముందు ఆయన తీసుకునే ఊపిరి మీద ధ్యాస పోతుంది. ఫోన్ స్పీకర్లో అది దొరకదు. ఈ ప్లేటుకి ఒక సమస్య ఉంది. ఎల్‌పీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి బయటి చుట్టులో ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపలి చుట్టుకొచ్చేసరికి అందులో సగం కూడా పోదు. అంత ఇరుకులో అంతే పాటని కుక్కాలి. అందుకే ఏ రికార్డులోనైనా వైపు చివరి పాటకే గొంతు ముందు బొంగురుపోతుంది. తారస్థాయి గానాన్ని చివర్లో పెట్టుకునే సంగీతానికి ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఘంటసాల ‘భగవద్గీత’ది వేరే కథ. 700 శ్లోకాల్లోంచి నూటికి పైగా ఏరి, తెలుగు తాత్పర్యంతో చదివారాయన. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు, రికార్డు ఆ తర్వాత విడుదలైంది. దీనిమీద పెదనాన్న రాసింది ‘తెల్లవారుజామున - గుడి’ అని మాత్రమే. ధనుర్మాసంలో కోళ్లు కూయకముందే ఇదే వేసేవాడట. ఇప్పుడు మనకి ఆ గొంతు వినపడిందంటే వీధిలో వైకుంఠ రథం వస్తున్నట్టే. ఒక ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ దీన్ని పెట్టాను. పది నిమిషాల్లో కాలింగ్ బెల్ మోగింది. ఎదురు ఫ్లాట్ ఆంటీ, మొహం నిండా దిగులు. ‘‘ఏం బాబూ, ఊరినుంచి ఏమైనా కబురొచ్చిందా?’’ ఏం లేదాంటీ, పాటలు వింటున్నా అంటే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆవిడ తప్పేం లేదు. కానీ ఒకసారి చావుని పక్కనపెట్టి వినండి. ఆర్కెస్ట్రా హోరు లేదు, గొంతులో తొందర లేదు, ఆ తాత్పర్యం చదివే తీరు పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది. అంత్యక్రియలకి ఇచ్చేసి మనం పోగొట్టుకున్న ఆల్బమ్ ఇది.

నేను కొన్నవాటిలోంచి ఒక్కటి చెప్పాలంటే ‘గీతాంజలి’. 1989. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా, ఇళయరాజా, అన్ని పాటలూ వేటూరివే. అప్పటికే క్యాసెట్ల రాజ్యం వచ్చేసింది. పెదనాన్న పెట్టెలో ఇది లేదు, ఆయన క్యాసెట్టే కొన్నాడు. బేస్ గిటారు కోసం హెడ్‌ఫోన్స్ కొనేవాళ్లు ముందు దీన్ని వినాలి. గుండె చప్పుడునే తాళంగా వాడిన యుగళగీతం ఉంది చూడండి, అదొస్తే గదిలో లైటు ఆపేస్తాను. మిగతా పాటల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక పాటలే లేని వైపులున్న రికార్డు, ‘దానవీరశూర కర్ణ’ డైలాగులు. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా, నిడివి దాదాపు నాలుగ్గంటలు, ఎన్టీఆర్‌వే మూడు పాత్రలు, మాటలు కొండవీటి వెంకటకవి. వీసీఆర్ లేని ఊళ్లో సినిమా మళ్లీ చూడాలంటే ఇదే దారి, చెవులతో చూడటం. చదువు రానివాళ్లు కూడా సుయోధనుడి సమాసాలు గడగడా అప్పజెప్పారంటే ఈ ప్లేట్ల వల్లే. మా కాపీలో సభ సన్నివేశం మధ్యలో ఒక గీత ఉంది. ముల్లు అక్కడ గెంతి ఒక చుట్టు దాటేస్తుంది. ఒక చుట్టంటే 1.8 సెకన్లు, రెండు మూడు మాటలు. పెదనాన్నని డైలాగ్ చెప్పమంటే ఇప్పటికీ ఉరుములా అందుకుంటాడు. ఆ గీత దగ్గరకొచ్చేసరికి ఆయన కూడా గెంతేస్తాడు! మొదట్లో మర్చిపోయాడేమో అనుకున్నా. తర్వాత సంక్రాంతికి ఊళ్లో ఆయన వయసువాళ్లు ఇద్దరి చేత చెప్పించాను. ఇద్దరూ అక్కడే గెంతారు.

అప్పట్నుంచి ఒక స్ప్రెడ్‌షీట్ రాస్తున్నా. ప్లేటు పేరు, అట్ట మీది రాత, ఎక్కడ అరిగింది, ఎక్కడ గెంతుతుంది, ఎవరింట్లో ఏ పెళ్లికి వేశారు. చివరి కాలమ్ ఫోన్లో పెదనాన్నని అడిగి నింపాలి. అదే కష్టంగా ఉంది, మిషన్ పెట్టుకుంటే ఫోన్లో కీచుమంటోందంటాడు, తీసేస్తే నేను చెప్పేది వినపడదు. అందుకే నెలకోసారి వెళ్తున్నాను. 61కి ఇప్పటికి 38 అయ్యాయి. వినడం తగ్గుతున్నట్టే పేర్లు కూడా తగ్గుతున్నాయి. పోయిన నెల ఠక్కున చెప్పిన పెళ్లికూతురి పేరు ఈసారి అడిగితే చాలాసేపు గోడ గడియారం వైపు చూశాడు.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటివుంటే ముందు పడుకోబెట్టినవాటిని నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి. ముల్లు కొత్తది వేయకుండా ప్లేయర్ ఆన్ చేయొద్దు. బట్టతో గుండ్రంగా, గాడి వెంటే తుడవాలి, అడ్డంగా కాదు.

61లో నాలుగు 78లున్నాయి. లక్కతో చేసినవి, చేయి జారితే పెంకుల్లా పగులుతాయి. వైపుకి మూడు నిమిషాలే. గాడి వెడల్పు కాబట్టి ఎల్‌పీ ముల్లు వాటికి పనికిరాదు, అందుకే ఇన్నాళ్లూ వినలేదు. మూడింటి లేబుళ్లు చదవగలిగాను, ‘మాయాబజార్’ ఒకటి. నాలుగోదాని లేబులు మీద అక్షరాలు పూర్తిగా పోయాయి. పెదనాన్నని అడిగితే, మైకుసెట్టు కొన్నప్పుడే పెట్టెలో వచ్చింది, ఒక్కసారి కూడా వేయలేదంటాడు. కానీ రెండు వైపులా బూడిద రంగే. 78 ముల్లు ఆర్డర్ పెట్టాను. శనివారం వస్తుందని మెసేజ్ వచ్చింది.