వీధి ఎక్కడ ముగుస్తుంది? ఐపీ చిరునామాల్లో సబ్‌నెట్ లెక్క

ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన భిలాయ్ ఉక్కు పట్టణంలో చిరునామా చెప్పడం తేలిక. రుఆబాంధా అయినా మరో సెక్టార్ అయినా, వీధి నంబరు, క్వార్టర్ నంబరు చెబితే చాలు.

ఐపీ చిరునామాలోనూ ఇలాంటి అమరికే ఉంది. 192.168.10.20 వంటి చిరునామా నిజానికి 32 బిట్ల సంఖ్య. అందులో ముందు భాగం వీధిని, వెనుక భాగం ఇంటిని తెలుపుతాయి. అయితే వీధి ఎక్కడ ముగిసిందో చిరునామాను బట్టి తెలియదు. అది చెప్పేదే సబ్‌నెట్ మాస్క్.

255.255.255.0 మాస్క్‌లో మొదటి 24 బిట్లు వీధికి, మిగిలిన 8 ఇళ్లకు. అంటే 256 చిరునామాలు. మొదటిది నెట్‌వర్క్‌కు గుర్తుగా, చివరిది అందరికీ ఒకేసారి పంపే సందేశాలకు పోగా 254 మిగులుతాయి. దీన్నే /24 అని రాస్తారు. వీధికి మరో బిట్ ఇచ్చిన ప్రతిసారీ పరిమాణం సగమవుతుంది: /25లో 126, /26లో 62, /27లో 30, /28లో 14 పరికరాలకు చోటుంటుంది.

రుఆబాంధాలో ఒక బడి ఉందనుకుందాం. ల్యాబ్‌లో 50 కంప్యూటర్లు, ఆఫీసులో 25, సీసీ కెమెరాలు 12. ఉన్నది 192.168.10.0/24. పెద్ద భాగాన్ని ముందు కేటాయించాలి. ఎందుకంటే 64 చిరునామాల భాగం 0, 64, 128, 192 వద్దే మొదలవుతుంది. ల్యాబ్‌కు 0 నుంచి 63, ఆఫీసుకు 64 నుంచి 95. కెమెరాలకు /28 చాలుననిపిస్తుంది. కానీ రౌటర్‌కూ ఒక చిరునామా కావాలి. ఇక మిగిలేది ఒక్కటే. మరో రెండు కెమెరాలు కొంటే చోటుండదు. అందుకే 96 నుంచి 127 వరకు /27 ఇవ్వడం మేలు. 128 నుంచి 255 వరకు భవిష్యత్తుకు ఉంటాయి.

ల్యాబ్‌లోని 192.168.10.20 కంప్యూటర్‌కు 255.255.255.192 బదులు పొరపాటున 255.255.255.0 మాస్క్ ఇచ్చారనుకుందాం. ఆఫీసులోని 192.168.10.70 ప్రింటర్ తన వీధిలోనే ఉందని అది భ్రమపడుతుంది. రౌటర్‌ను అడగకుండా నేరుగా పిలుస్తుంది. సాధారణంగా జవాబు రాదు. ఇంటర్నెట్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే లోపం వెంటనే దొరకదు. బయటి సైట్లు తెరుచుకుంటూ పక్క గది ప్రింటర్ అందకపోతే, కేబుల్‌తో పాటు మాస్క్‌నూ చూడాలి.

ఈ పొదుపు వెనుక చరిత్ర ఉంది. తొలినాళ్లలో నెట్‌వర్క్‌లకు మూడు పరిమాణాలే ఉండేవి: 256, 65,536, సుమారు 1.68 కోట్లు. 300 యంత్రాలున్న సంస్థ 65,536 తీసుకుంటే చాలావరకు వృథాయే. 1993లో ఏ బిట్ దగ్గరైనా గీత గీసే పద్ధతి వచ్చింది. అయినా, మొత్తం 429 కోట్ల చిరునామాల్లో ప్రపంచ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. బడి వాడుకునే 192.168 వరుస లోపలి వాడకానికే కేటాయించినది కాబట్టి కొరత లేదు. అయినా గీత సరిగ్గా గీయాల్సిందే.