గుండె కవాటం: కదిలే అంచుకు లెక్క

మన గుండె ఒక పంపు అని జీవశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటూ, ఒక్కొక్కసారి దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి నెడుతుంది. అయితే ఇది బావి దగ్గరి మోటారు పంపు వంటిది కాదు. దీని గోడలు ముడుచుకుంటాయి, సడలుతాయి. కవాటాల రేకులు చాలా పలుచన. ఇటువంటి పంపులో రక్తం ఎలా పారుతుందో కంప్యూటరుతో లెక్కకట్టి తెలుసుకోగలమా?

ద్రవాల చలనానికి సమీకరణాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో నేవియర్, స్టోక్స్ అనే శాస్త్రజ్ఞులు వాటిని రూపొందించారు. నిజానికి అవి న్యూటన్ రెండవ నియమమే. కాని సమీకరణం ఒక్కటే చాలదు. కాలువలో నీటికీ, గొట్టంలో నీటికీ సమీకరణం ఒకటే అయినా ప్రవాహాలు వేరు. తేడా అంచుల్లో ఉంది. అంచు దగ్గర ద్రవం ఎలా ఉండాలో చెప్పే షరతులే సరిహద్దు నియమాలు.

మొదటి నియమం మీ ఇంట్లోనే కనిపిస్తుంది. అంత వేగంగా తిరిగే ఫ్యాను రెక్కల మీద దుమ్ము ఎందుకు పేరుకుంటుంది? రెక్కను ఆనుకున్న గాలి పొర దాని మీద జారిపోదు, రెక్కతోపాటే తిరుగుతుంది. అందుచేత సన్నని ధూళిని ఊడ్చుకుపోయే గాలి అక్కడ లేదు. (తుడిచే పని మనకు తప్పదు!) రక్తమూ అంతే. గోడను ఆనుకున్న రక్తం వేగం గోడ వేగానికి సమానం.

గోడ కదలకపోతే ఆ వేగం సున్న, లెక్క సులువు. చిక్కంతా కవాటం దగ్గరే. రేకును కదిలించేది రక్తం, రక్తాన్ని మళ్లించేది రేకు. ఒకటి తెలియనిదే రెండోది తెలియదు! పైగా రక్తం రేకును ఎంత బలంతో నెడుతుందో, రేకు కూడా అంత బలంతోనే రక్తాన్ని నెట్టాలి. ఇది రెండవ నియమం.

1972లో అమెరికా గణితజ్ఞుడు చార్లెస్ పెస్కిన్ దీనికొక ఉపాయం చెప్పాడు. రక్తం ఉన్న చోటంతా గ్రాఫు కాగితంలా కదలని గళ్లు గీశాడు. రేకును గోడగా చూడకుండా, సాగే దారంతో కలిపిన బిందువుల వరుసగా తీసుకున్నాడు. దారం సాగినప్పుడు పుట్టే బలాన్ని పక్క గళ్లలోని రక్తానికి పంచాడు. అప్పుడు రక్తం వేగం లెక్కకట్టి, అదే వేగంతో బిందువులను రవ్వంత జరిపాడు. మళ్లీ కొత్త బలాలు, మళ్లీ కొత్త వేగాలు. ఇలా చేస్తే రెండు నియమాలూ కలిసే నెరవేరుతాయి. ఇంత కష్టమైన చిక్కుకు ఇంత తేలికైన ఊహ సరిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తరువాత డేవిడ్ మెక్వీన్‌తో కలిసి ఆయన ఈ పద్ధతిలోనే మొత్తం గుండెకు త్రిమితీయ నమూనా తయారుచేశాడు.

ఇంకొక అంచు ఉంది. ఒంట్లోని రక్తనాళాలన్నిటినీ లెక్కించలేము కదా! అందుకని బృహద్ధమనిని కొంత దూరంలో కోసినట్లు ఊహిస్తారు. ఆ కోత దగ్గర పీడనం ఎంత? ఆరోగ్యవంతుని బృహద్ధమనిలో అది సుమారు 80, 120 మిల్లీమీటర్ల పాదరసం మధ్య మారుతూ ఉంటుంది. ఎవరైనా అక్కడ సున్న వేశారనుకోండి. జఠరిక సడలి, దాని పీడనం సున్నకు దగ్గరగా పడిపోయినప్పుడు, కవాటాన్ని వెనుకనుంచి నొక్కి మూసి ఉంచే పీడనమే ఉండదు. అయినా కంప్యూటరు ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. దాన్ని నమ్మి కృత్రిమ కవాటం తయారుచేస్తే? రక్తం కదలక నిలిచే మూలలు ఎక్కడున్నాయో తెలియకపోవచ్చు. అటువంటి చోట రక్తం గడ్డకడుతుంది. అందుకే కొత్త కవాటాన్ని గుండెలా కొట్టుకునే ప్రయోగశాల పంపుకు అమర్చి, పీడనాలను కొలిచి, లెక్కతో సరిచూస్తారు.