రేడియేటర్‌లో ‘నానో’ పోస్తే కారు చల్లబడుతుందా?

గత జూన్‌లో మస్కట్ నుంచి నిజ్వా వెళ్తుంటే మా కారు వేడి సూది ఎర్రగీతను తాకింది. బయట 45 డిగ్రీలు, వెనుక సీట్లో పిల్లలు. తర్వాత ఒక షాపులో, “ఈ నానో కూలెంట్ పోయించండి మేడమ్, ఇక ఆ బాధే ఉండదు” అన్నారు. మా వారు పర్సు తీయబోతుంటే ఆపాను. ఎప్పుడో చదివిన బీఎస్సీ ఫిజిక్స్ అక్కరకొచ్చింది.

‘నానో’ అబద్ధం కాదు. ఉష్ణవాహకతలో రాగి నీటికన్నా 600 రెట్లకు పైగా మెరుగు. కానీ మామూలు లోహపు పొడిని నీళ్లలో కలిపితే అడుగున పేరుకుంటుంది, గొట్టాలను అరగదీస్తుంది. 1995లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ చోయ్, 100 నానోమీటర్ల లోపు రేణువులు కలిపిన ద్రవానికి ‘నానోఫ్లూయిడ్’ అని పేరు పెట్టారు. మన హైదరాబాద్ జేఎన్‌టీయూలో, విశాఖ గీతంలో కూడా దీనిపై పరిశోధనలు జరిగాయి.

మొదట్లో ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. 2009లో 30కి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను కొలిచి చూస్తే మాత్రం, వాహకత పెరుగుదల పాత సూత్రాలు చెప్పినంతే ఉందని తేలింది.

ఇంకో చిక్కు ప్రవాహంలో ఉంది. రేణువులు పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది. పల్చటి మజ్జిగ గరాటులోంచి జారినట్టు చిక్కటి పెరుగు జారదు కదా! పంపు ఎక్కువ కష్టపడాలి. రేణువులు ఉండకడితే రేడియేటర్ సన్నగొట్టాలు పూడుకుపోవచ్చు.

అసలు సంగతి వేరే. రేడియేటర్‌లో వేడికి పెద్ద అడ్డంకి లోపలి ద్రవం దగ్గర కాదు, బయటి గాలి దగ్గర. కూలెంట్ 100 డిగ్రీల్లో ఉందనుకోండి. జనవరిలో గాలి 25 డిగ్రీలుంటే తేడా 75, జూన్‌లో 45 ఉంటే తేడా 55 మాత్రమే. ఆ తేడా తగ్గేకొద్దీ వేడి బయటికి పోవడమూ తగ్గుతుంది. లోపల ఏం పోసినా బయటి గాలి మారదు.

మా కారులో తేలిందేమిటంటే, రేడియేటర్ రెక్కల నిండా ఇసుక దుమ్ము! శుభ్రం చేయించి, కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంటే పోయించాం. మళ్లీ సూది లేవలేదు.

మీకూ దారిలో సూది లేస్తే ఏసీ ఆపండి, సురక్షితమైన చోట బండి నిలిపి ఇంజిన్ ఆపండి. పిల్లల్ని నీడకు చేర్చండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మాత్రం తీయకండి. కూజా నిండా తాగే నీళ్లు మరవకండి!