కొమ్మ నాటితే కంచె... తొలకరే అదను

అడవిని ఆనుకొని సేద్యం చేసే రైతుకు విత్తనం కంటే ముందు కంచె చింత. బూర్గంపాడు, ములకలపల్లి, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో పశువులు, అడవిపందులు చేలలో పడటం ఏటా ఉన్న బాధే. ముళ్లకంప నరికి తెచ్చి వేస్తే త్వరలోనే చెదల పాలవుతుంది. కొందరు పొలం చుట్టూ విద్యుత్ తీగలు అమర్చుతున్నారు. అది చట్టరీత్యా నేరం. రాత్రివేళ చేనుకు వెళ్లిన మనిషి ప్రాణాన్నే హరించే ఉచ్చు అది.

వీటికి బదులు వావిలి, గోరింట, గ్లైరిసీడియా, అడవి ఆముదం కొమ్మలతో జీవకంచె పెంచుకోవచ్చు. కొమ్మ నుంచి మొక్క తీయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సారపాకలోని భద్రాచలం కాగితపు కర్మాగారం 1989లోనే జామాయిల్ క్లోన్ల పనికి శ్రీకారం చుట్టింది. అయితే జామాయిల్ లేత రెమ్మలకు పొగమంచులా నీరు చిమ్మే గదులు, వేళ్లు పుట్టించే మందు అవసరం. వావిలికి వాన, తడిమట్టి చాలు.

కొమ్మ ఎంపికే కీలకం. పచ్చి రెమ్మ వేరు పట్టకముందే వాడిపోతుంది. వావిలి, గోరింటలకు పెన్సిల్ లావుకు తగ్గకుండా, ముదురు రంగుకు తిరిగిన కొమ్మను జానెడు పైచిలుకు పొడవున కోయాలి. మొదలును కణుపు కింద ఏటవాలుగా, కొనను అడ్డంగా కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. వేళ్లు లేని కొమ్మకు ఆకులు భారమే. వాటిని తుంచివేసి, కనీసం రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటాలి.

గ్లైరిసీడియాకు మూడు నాలుగు అడుగుల లావాటి కొమ్మలు కావాలి. బెరడు చెక్కుకుపోకుండా ముందు గునపంతో గుంత చేసి అడుగు లోతున దించాలి. అడవి ఆముదం కోతను ఒకటి రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. పాలు కారుతుండగానే నాటితే కుళ్లే ప్రమాదముంది. దాని గింజలు విషపూరితం గనుక ఇళ్లు, బడుల చెంత వేయకపోవడమే మేలు.

రెండు వరుసల్లో అడుగు ఎడంతో, ఎదురెదురు కాకుండా నాటాలి. చిగురు కనిపించగానే వేరు పట్టిందని భ్రమపడరాదు. కొమ్మలో దాగిన ఆహారంతోనే తొలి ఆకులు వస్తాయి. పెరికి చూస్తే లేత వేళ్లు తెగుతాయి. వానలు ఎడం ఇస్తే తడి ఇవ్వక తప్పదు. మరుసటి ఏడు మోకాలి ఎత్తున కత్తిరించాలి. చాలామందికి ఇక్కడే చేయి రాదు; కానీ కత్తిరించని కంచె అడుగున పలచబడి మేకలకు దారి ఇస్తుంది.

ఆకుకంచె ఒక్కటే అడవిపందిని ఆపలేదు. ఆ వైపున ముళ్ల వాక్కాయ కూడా కలపాలి. దాని కొమ్మ తేలికగా వేరు పట్టదు కాబట్టి గింజలతో నారు పెంచుకోవాలి. కంచె చిక్కబడే వరకు పాత కంపను తీయరాదు.

కొమ్మల కోసం రిజర్వు అడవిలో కత్తి పెట్టనక్కరలేదు. ఊళ్లో ఎవరి గట్టునైనా ఏపుగా పెరిగిన వావిలి పొద ఒకటుంటే పదుల కొద్దీ కొమ్మలు దొరుకుతాయి.