రేనో దృగ్విషయం

చలి తగిలినప్పుడు గాని, మనసు కలత చెందినప్పుడు గాని చేతివేళ్ళకూ కాలివేళ్ళకూ రక్తాన్ని చేరవేసే చిన్న ధమనులు అతిగా ముడుచుకొనిపోయి, వేళ్ళు చల్లబడి, పాలిపోయి, నొప్పి పుట్టే స్థితిని రేనో దృగ్విషయం అంటారు. మన వైద్యుల వాడుకలో ఇది ‘రేనాడ్స్’. ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో దీనిని వర్ణించటం చేత ఈ పేరు వచ్చింది. ఏ ఇతర వ్యాధీ లేనివారిలో కనిపించేది ప్రాథమిక రూపం. మరొక వ్యాధి వెంట వచ్చేది ద్వితీయ రూపం. ఈ వ్యాసం ముఖ్యంగా స్వయంప్రతిరక్షక సంధాయక కణజాల వ్యాధులతో కూడి వచ్చే ద్వితీయ రూపం గురించినది. చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా వ్యాధిగ్రస్తులలో నూటికి 90 మందికి పైగా దీనితో బాధపడతారు. లూపస్, షోగ్రెన్ వ్యాధి, మిశ్రమ సంధాయక కణజాల వ్యాధి ఉన్నవారిలోనూ ఇది కనిపిస్తుంది.

వేళ్ళలో జరిగేది

చలి వేసినప్పుడు వేళ్ళకు పోయే రక్తాన్ని తగ్గించి ఒంటి వేడిని కాపాడుకొనటం ప్రతి శరీరమూ చేసే పనే. సహానుభూత నాడుల ఆజ్ఞపై ధమనులు ముడుచుకొంటాయి. ప్రాథమిక రూపంలో ఈ ముడుచుకొనటం శ్రుతి మించుతుంది గాని రక్తనాళాల గోడలు ఆరోగ్యంగానే ఉంటాయి. స్క్లీరోడెర్మాలో అలా కాదు. నాళపు లోపలి పొర దెబ్బతిని, గోడ మందమై, దారి ముందే ఇరుకై ఉంటుంది. ఆపై కొద్దిపాటి సంకోచం తోడైనా రక్తప్రసారం పూర్తిగా ఆగిపోవచ్చును. రేనో దోషమంతా నాడులదేనని భావించగా, 1929లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయీస్ లోపం వేలి ధమనులలోనే ఉన్నదని వాదించాడు. నేటి అవగాహనలో రెండింటికీ చోటున్నది.

వేలు మొదట తెల్లగా, తరువాత నీలంగా, రక్తం తిరిగి పారినప్పుడు ఎర్రగా మారుతుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అందరిలో మూడు రంగులూ కనిపించవు. మన చామనచాయ చర్మంపై తెలుపు స్పష్టంగా తెలియకపోవచ్చు కనుక అరచేతి వైపునూ గోళ్ళ కిందనూ చూడవలెను.

నిర్ధారణ

ప్రాథమిక రూపం సాధారణంగా పదిహేను, ముప్పై ఏళ్ళ మధ్య మొదలై, రెండు చేతులలోనూ సమానంగా ఉండి, పుండ్లు పడకుండా సాగుతుంది. నడివయసులో కొత్తగా మొదలైనా, తీవ్రమైన నొప్పి ఉన్నా, వేలికొనపై పుండు పడినా, వేళ్ళు ఉబ్బినా కీళ్ళవాత నిపుణునికి చూపించటం అవసరం. ఆయన గోటి మొదట ఉన్న కేశనాళికలను భూతద్దం వంటి పరికరంతో పరిశీలిస్తాడు. అవి ఉబ్బి, అక్కడక్కడ లోపించి ఉంటే స్క్లీరోడెర్మాను అనుమానించవలెను. రక్తంలో ఏఎన్ఏ అనే ప్రతిరక్షకాలను కూడా పరీక్షిస్తారు. చర్మం గట్టిపడటానికి కొన్నేళ్ళ ముందే వేళ్ళు రంగు మారటం కద్దు.

జాగ్రత్తలు

చేతితొడుగు ఒక్కటే చాలదు. ఒళ్ళు చల్లబడితే తొడుగులో ఉన్న వేళ్ళకు కూడా రక్తం తగ్గిపోతుంది. కనుక ముందుగా ఛాతీనీ, తలనూ, మెడనూ వెచ్చగా ఉంచుకొనవలెను. వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే తొడుగు, వేలికొక గది ఉన్న తొడుగుకన్నా మేలు. మంచు కురిసే దేశాలలో ఉన్న తెలుగువారికి ఇది తెలిసిన విషయమే. ఇక్కడి ఉక్కపోత ఊళ్ళలో ఉన్నవారికి ఫ్రిజ్, ఏసీ బస్సు, తెల్లవారుజామున కుళాయి నీటితో అంట్లు తోమటం చాలు.

వేళ్ళు పాలిపోయినప్పుడు చంకలలో పెట్టుకొనవచ్చు, లేదా గోరువెచ్చని నీటిలో ముంచవచ్చు. సలసల కాగే నీరు, కుంపటి పనికిరావు: తిమ్మిరెక్కిన వేలికి కాలిన సంగతి తెలియదు. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానవలెను, ఎందుకంటే నికోటిన్ ధమనులను ముడుస్తుంది. పార్శ్వపు నొప్పికి వాడే ఎర్గోటమిన్, ప్రొప్రనొలోల్, జలుబు బిళ్ళలలోని సూడోఎఫిడ్రిన్ కూడా బాధను పెంచగలవు. అయితే గుండె కోసం వాడుతున్న మందును సొంతంగా ఆపరాదు.

ఔషధాలు

మొదట ఇచ్చేది నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ వంటి కాల్షియం మార్గ నిరోధకాలు. నిఫెడిపిన్‌లో నెమ్మదిగా విడుదలయ్యే రకాన్నే వాడతారు. త్వరగా పనిచేసే రకం రక్తపోటును ఒక్కసారిగా పడగొట్టగలదు. తలనొప్పి, పాదాల వాపు రావచ్చు. స్క్లీరోడెర్మా రోగులకు సాధారణంగా ఉండే ఛాతీ మంట వీటితో పెరగవచ్చునన్నది తరచు మరుగున పడే విషయం.

ఇవి చాలకపోతే సిల్డెనాఫిల్ ఇస్తారు. దీనిని నైట్రోగ్లిసరిన్ లేపనంతోగాని ఇతర నైట్రేట్లతోగాని కలిపి వాడటం ప్రమాదకరం. తీవ్ర దశలో ఐలోప్రాస్ట్‌ను కొన్ని రోజులపాటు ఆసుపత్రిలో సిరద్వారా ఎక్కిస్తారు. బోసెంటాన్ కొత్త పుండ్లు రాకుండా తగ్గిస్తుందే గాని ఉన్నవాటిని త్వరగా మాన్పదు. గర్భిణులకు నిషిద్ధం, కాలేయ పరీక్షలు తప్పనిసరి.

అత్యవసర స్థితి

మామూలు దాడి వేడి తగిలిన కొద్దిసేపటికి, సాధారణంగా గంటలోపు తగ్గుతుంది. వేడి చేసినా వేలు గంటల తరబడి నీలంగానో తెల్లగానో ఉండిపోయినా, నిద్ర పట్టనంత నొప్పి పుట్టినా, కొన నల్లబడినా, పుండు చీము పట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలెను. అక్కడ ధమనిలో గడ్డ అడ్డుపడలేదని కూడా నిర్ధారించుకొంటారు. కొన పొడిగా ఎండి నల్లబడినప్పుడు, చీము లేకపోతే, శస్త్రవైద్యులు వెంటనే కోయక, చచ్చిన భాగం తనంతట తాను విడివడే వరకు చాలాసార్లు వేచి ఉంటారు. దీనివల్ల ఎక్కువ వేలు మిగులుతుంది.