గోధుమ పడని ఇంట్లో నెల సరుకులు

మా చిన్నవాడికి గోధుమ పడదని డాక్టరు గారు పరీక్షలు చేయించి తేల్చిన రోజున మాకు మొదట కలిగిన భయం వాడి ఆరోగ్యం గురించి. రెండవది, దాచకుండా చెప్పాలంటే, నెల ఖర్చు గురించి. నాచారం పారిశ్రామికవాడ జీతం మీద నడిచే ఇల్లు మాది. ఉప్పల్ వెళ్లి ఒక పెద్ద దుకాణంలో గోధుమ లేదని రాసి ఉన్న పిండి ప్యాకెట్లు, బిస్కెట్లు తెచ్చుకున్నాం. పదిహేనో తారీకుకే డబ్బు అయిపోయింది.

"వాడొక్కడికి వేరే రొట్టె ఎందుకు? మా చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ జొన్నరొట్టె తినలేదా?" అన్నారు నానీ. అప్పటి నుంచి వాడికొక గిన్నె, మాకొక గిన్నె అనే పద్ధతి మానేశాం. చూస్తే ఖట్టీ దాల్, దాల్చా, ఖిచ్డీ ఖీమా, బగారా అన్నం వీటిలో దేనికీ గోధుమ అక్కరలేదు. రేషన్ కార్డుపై 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు కనుక బియ్యం ఖర్చు కూడా తగ్గింది. పిల్లవాడికి బలం తగ్గుతుందన్న దిగులూ అక్కరలేదు. మనకు దగ్గరలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, 100 గ్రాముల గోధుమపిండిలో మాంసకృత్తులు పదిన్నర గ్రాములైతే జొన్నల్లో దాదాపు 10 గ్రాములు.

అయితే పొదుపు చేయబోయి మేము ఒక పెద్ద పొరపాటు చేశాం. జొన్నలు కొని వీధిలోని గిర్నీలో పట్టించాం. మాకు ముందు ఎవరివో గోధుమలు పట్టారు. ఆ రొట్టె తిన్న అరగంటలో పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచాయి. ఆస్పత్రికి పరుగెత్తాం. గిర్నీ అతనిది తప్పేముంది? మేమే చెప్పలేదు. (ఇలాంటప్పుడు ఊపిరి ఆడకపోతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చేయాలి.) ఇప్పుడు మా ఇంట్లో నియమం ఒక్కటే: గింజలు విడిగా కొంటాం, పిండి మాత్రం విడిగా కొనం, బయట పట్టించం. గింజల్లో కలిసిన గోధుమలను ఏరి, కడిగి, ఆరబెడతాం. మూడు పాళ్ల జొన్నలకు ఒక పాలు మినపప్పు నానబెట్టి రుబ్బితే దోసెలవుతాయి, గిర్నీతో పనే లేదు. రొట్టెల పిండిని మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి జల్లిస్తాం. కాస్త బరకగా ఉంటుంది, అంతే.

ప్యాకెట్ సరుకైతే వెనక రాసింది చదవకుండా కొనకండి. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా వంటివి ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద తెలపాలి. మేము మోసపోయినవి రెండు. ఒకటి ఇంగువ, పొడి ఇంగువలో చాలా వాటికి గోధుమపిండి కలుపుతారు. రెండవది రాగి సేమియా, పేరు రాగిదే అయినా కొన్నింటిలో గోధుమ ఉంటుంది. పండుగ షీర్ ఖుర్మాకు ఇప్పుడు లేబుల్ చూసి బియ్యపు సేమియా తెస్తున్నాం.

ఒక మాట. అనుమానం మీద పాలు, గుడ్లు, గోధుమ అన్నీ ఒకేసారి మాన్పించవద్దు. పిల్లలు నీరసిస్తారు, వాటి బదులు కొనే సరుకులతో ఖర్చూ పెరుగుతుంది. ముందు వైద్యుణ్ణి అడగండి.

ఇక రంజాన్ వస్తే హలీం సంగతి. అందులో ముఖ్యమైనదే గోధుమ. వాడి ముందు మేము తింటూ వాడికి వద్దనడం ఎలా? రాత్రంతా నానిన జొన్నలను బరకగా దంచి, గుప్పెడు నూకలు, కొంచెం మినపప్పు, శనగపప్పు వేసి మాంసంతో మెత్తగా ఉడికించాం. గోధుమకు వచ్చే జిగురంతా రాలేదు కానీ నూకలు, మినపప్పు వల్ల కొంత వచ్చింది. ఇఫ్తార్‌కు పొరుగిళ్లకు పంపిన గిన్నెల్లోనూ అదే పోశాం. మర్నాడు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన పక్కింటి ఆపా, జొన్నలు ఎంతసేపు నానబెట్టారని అడిగి వెళ్లారు.