ఆర్వెదుయి రాజు: దాయాధికార వివాదము

టాల్కీను అను ఆంగ్ల గ్రంథకర్త రచించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955 సంవత్సరములలో మూఁడు సంపుటములుగా వెలువడినది. కడపటి సంపుటమున కనుబంధముగా నున్న రాజవంశచరిత్రములో ఆర్వెదుయి యను నొక చిన్న రాజు వృత్తాంతము గలదు. ప్రధానకథకు వేయేండ్లకుఁ బైగాఁ బూర్వమే యాతఁడు మరణించెను. అయినను కథాంతమున సింహాసన మెక్కువాఁ డాతని సంతతివాఁడే.

ఆ కల్పితలోకమునకు మధ్యభూమి యని పేరు. సముద్రమున మునిఁగిన నూమెనోరు ద్వీపమునుండి వచ్చిన ఎలెందిలు అచ్చట రాజ్యము స్థాపించెను. పెద్దకుమారుఁడగు ఇసిల్దురు సంతతి యుత్తరదేశమును, చిన్నకుమారుఁడగు అనారియోను సంతతి దక్షిణమున గోందోరును ఏలిరి. ఉత్తరరాజ్యము పిమ్మట మూఁడుగాఁ జీలఁగా, నందొకటియైన ఆర్థెదైను నేలిన ఆరఫాంతునకుఁ దృతీయయుగము 1864వ సంవత్సరమునఁ గుమారుఁడు కలిగెను. మాల్బెతను దైవజ్ఞుఁ డా శిశువునకు 'కడపటి రాజు' అని యర్థమిచ్చు ఆర్వెదుయి నామమును నిర్ణయించెను. ముందు ప్రజలకు రెండు మార్గములు గనఁబడుననియు, ఆశ తక్కువగాఁ దోఁచుదానిని గైకొన్నచో నీతఁడు పేరు మార్చుకొని మహారాజ్య మేలుననియుఁ జెప్పెను.

ఆర్వెదుయి 1940లో గోందోరు రాజగు ఓందోహెరు కుమార్తె ఫీరియెలును వివాహమాడెను. 1944లో ఓందోహెరును, ఆతని కుమారు లిరువురును యుద్ధమున హతులైరి. అంతట ఆర్వెదుయి గోందోరు సింహాసనము తనకుఁ జెందవలెనని కోరెను. తాను జ్యేష్ఠశాఖవాఁడగుట యొక హేతువు. ఓందోహెరు సంతానములో మిగిలినది తన భార్య యొక్కతెయే యగుట రెండవది. నూమెనోరులో స్త్రీపురుషభేదము లేక ప్రథమసంతానమునకే రాజదండము సంక్రమించు ధర్మము నాతఁడు ప్రమాణముగాఁ జూపెను. మంత్రి పెలెందురు ప్రాముఖ్యము వహించిన సభ పుత్రపరంపరయే తమకు సమ్మతమని నిరాకరించెను. యుద్ధమున జయమందిన రాజవంశీయుఁడు ఎయార్నిలునకు 1945లోఁ బట్టము గట్టెను.

ఈ వాదము భారతీయ ధర్మశాస్త్రజ్ఞులకుఁ గ్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యుఁడు పుత్రికాసుతుని ఔరసునితో సమానునిగాఁ జెప్పెను. గణపతిదేవునకుఁ బిమ్మటఁ గుమార్తె రుద్రమదేవియు, ఆమె దౌహిత్రుఁడు ప్రతాపరుద్రుఁడును ఓరుగల్లు నేలిరి. గోందోరు సభ బలమునుగూడఁ జూచినది. ఆర్థెదైను దుర్బలము, ఎయార్నిలు విజయి. ఆనాఁటి యవసరమునుబట్టి యా నిర్ణయము సహేతుకముగనే కనఁబడును.

1964లో రాజ్యమునకు వచ్చిన ఆర్వెదుయి పదియేండ్లే పాలించెను. 1974 శీతకాలమున ఆంగ్మారు సేనలు రాజధాని ఫోర్నోస్తును బట్టుకొనెను. రాజు పాడుపడిన గనులలో దాఁగి, ఆఁకలికిఁ దాళఁజాలక ఫోరొఖెలు మంచుప్రజల నాశ్రయించెను. ఓడ రాఁగా, వారి నాయకుఁడు వేసవివఱ కాఁగుమని హితము పలికెను. రాజు కృతజ్ఞతాసూచకముగాఁ దన వంశపు టుంగరము నాతని కిచ్చి ఓడ నెక్కెను. 1975లో మంచుగడ్డల నడుమ నా యోడ నలిఁగి మునిఁగెను.

పుత్రపరంపరనే నమ్మిన గోందోరునకు జరిగిన దేమి? ఎయార్నిలు కుమారుఁడు ఎయార్నురు 2050లో నిస్సంతుగా నదృశ్యుఁడయ్యెను. అటుపిమ్మట రాజు లేక మంత్రులే యేలిరి. 3019లో సింహాసన మెక్కిన అరగోర్ను ఆర్వెదుయి ఫీరియెలుల వంశజుఁడు. సభ త్రోసిపుచ్చిన రెండుశాఖల కలయిక యాతనియందే ఫలించినది. దైవజ్ఞుని వాక్యము షరతుతోఁ గూడినది గావున, ఆర్వెదుయి కడపటి రాజగుట విధివలనఁ గాదు, సభ చేసిన యెన్నికవలన ననుట యుక్తము.